జర్మన్ క్రియ వేర్డెన్: ఇంగ్లీషు దారి వదిలి తెలుగు దారిన రండి

జర్మన్ నేర్చుకునే మనవాళ్ళకి మొదటి భయం డేర్, డీ, డస్‌లతో మొదలవుతుంది. ఏ నామవాచకానికి ముందు ఏది పెట్టాలో తెలియక రాత్రుళ్ళు కూర్చుని పట్టికలు రాసుకుంటారు. నన్నడిగితే అంత టెన్షన్ అక్కర్లేదు. డేర్ అనాల్సిన చోట డస్ అన్నా ఎదుటివాళ్ళకి మాట అర్థమవుతుంది, ఓ చిరునవ్వుతో సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది ఒక క్రియ దగ్గర. దాని పేరు వేర్డెన్. పని జరుగుతోందా, జరిగిపోయిందా, జరగబోతోందా, లేక జరిగి ఉంటుందని మనం ఊహిస్తున్నామా, ఇవన్నీ దాని మీద ఆధారపడి ఉంటాయి. జైన్ (ఉండటం), హాబెన్ (కలిగి ఉండటం) తర్వాత ఆ భాషలో అంతగా వినిపించే క్రియలు చాలా తక్కువ. అలాంటి క్రియకి మన పిల్లలు ఇచ్చే సమయం మాత్రం ఒక పూట.

నేను జర్మనీలో స్థిరపడ్డాను. ఇక్కడికి రావాలనుకునే మన పిల్లలకి సాయంత్రాల్లో ఆన్‌లైన్‌లో జర్మన్ చెప్తుంటాను. నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయిలు, ఎమ్మెస్ సీటు వచ్చిన కుర్రాళ్ళు ఎక్కువ. వాళ్ళు చదివే పుస్తకాల్లో వేర్డెన్ నాలుగు వేర్వేరు చోట్ల వస్తుంది. మొదట 'బికమ్' అని చెప్తారు. కొన్ని పాఠాలయ్యాక అదే 'విల్' అంటారు. ఇంకొంత దూరం పోయాక కర్మణి ప్రయోగంలో 'ఈజ్ బీయింగ్' అంటారు. చివరికి 'వుడ్' అంటారు. బీ1 అనే మధ్య స్థాయికి వచ్చేసరికి ఆ అమ్మాయి బుర్రలో ఒకే పేరుతో నాలుగు క్రియలు తయారవుతాయి. వాక్యంలో విర్ట్ ('అతను', 'అది'కి వాడే వేర్డెన్ రూపం) కనిపించగానే ఇది ఆ నాలుగింట్లో ఏదా అని వెతుక్కుంటుంది. వెతుక్కునేలోపు ఎదుటి మనిషి మూడో వాక్యంలోకి వెళ్ళిపోతాడు.

ఈ ఇబ్బంది జర్మన్ వల్ల వచ్చింది కాదని నా గట్టి అభిప్రాయం. మధ్యలో ఇంగ్లీషును కూర్చోబెట్టడం వల్ల వచ్చింది. తెలుగులో మనకు 'అవు' అనే క్రియ ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే వేర్డెన్ ఒకటిగానే కనబడుతుంది.

ముందు రూపాల సంగతి చూద్దాం. వర్తమాన కాలంలో ఇష్ (నేను) వేర్డె, డూ (నువ్వు) విర్స్ట్, ఎర్ (అతను) విర్ట్, వీర్ (మేము) వేర్డెన్, ఈర్ (మీరు) వేర్డెట్, జీ (వాళ్ళు) వేర్డెన్. ఈ ఆరూ బట్టీ పట్టాల్సిందే, అందులో రాజీ లేదు. నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి. వీటిలో 'వ'ని మన తెలుగు 'వ'లాగే పలకండి. ఇంగ్లీషు అలవాటుతో పెదాలు గుండ్రంగా చుట్టి పలికితే జర్మన్‌లో వింతగా ఉంటుంది.

'నేను'కి వేర్డె అయినప్పుడు 'నువ్వు'కి విర్స్ట్ ఎందుకైంది? ఎ-కారం ఇ-కారంగా ఎందుకు మారింది? "అది అపవాదం, అంటే మినహాయింపు, గుర్తుపెట్టుకోండి" అని చాలా క్లాసుల్లో దాటేస్తారు. అలా దాటేయడం నాకు నచ్చదు, ఎందుకంటే కారణం చాలా సులువు, అదీ మనకు ఇంట్లో తెలిసిందే. వెయ్యేళ్ళ కిందటి పాత జర్మన్‌లో 'నువ్వు', 'అతను' రూపాల చివర ఇ-కారం ఉండేది. అతనికి వాడే రూపం విర్డిట్ అని ఉండేది. చివర ఉన్న 'ఇ' తన ముందున్న 'ఎ'ని తనవైపు లాక్కుంది. తర్వాత కాలంలో ఆ చివరి 'ఇ' అరిగిపోయింది, అది చేసిన మార్పు మాత్రం లోపల మిగిలిపోయింది. మనం 'మనిషి'కి 'లు' చేర్చి 'మనుషులు' అంటాం. చివర ఉ-కారం రాగానే లోపలున్న 'ని' కాస్తా 'ను' అయింది, 'షి' కాస్తా 'షు' అయింది. ఎవరూ మనకు నేర్పలేదు, నోరు దానంతటదే చేసింది. జర్మన్ వాళ్ళ నోరూ అదే పని చేసింది.

ఇది ఒక్క వేర్డెన్‌కే కాదు. హెల్ఫెన్ అంటే సాయం చేయడం: ఇష్ హెల్ఫె, ఎర్ హిల్ఫ్ట్. నేమెన్ అంటే తీసుకోవడం: ఇష్ నేమె, ఎర్ నిమ్ట్. గేబెన్ అంటే ఇవ్వడం: ఇష్ గేబె, ఎర్ గిప్ట్. అన్నిట్లోనూ ఆ రెండు చోట్లే మార్పు, అదే కారణం. పుస్తకం చివర అక్షర క్రమంలో ఇచ్చే క్రమరహిత క్రియల జాబితా వల్ల నష్టం ఇక్కడే. ఒకే ఇంటి పిల్లల్ని తలా ఒక ఊళ్ళో పెట్టినట్టు, కలిసి నేర్చుకోవాల్సిన క్రియల్ని అక్షరాల ప్రకారం విడగొట్టేస్తుంది. అచ్చు మార్పును బట్టి మీరే గుంపులుగా రాసుకోండి, సగం పని తగ్గుతుంది.

వేర్డెన్‌కి సొంతంగా ఉన్న చిక్కులు రెండో మూడో. డూ విర్స్ట్‌లో డ్ పోయింది, ర్-డ్-స్ట్ అని వరసగా పలకడం కష్టం కాబట్టి. ఎర్ విర్ట్ అని పలుకుతాం గానీ రాసేటప్పుడు చివర డ్ రాయాలి. మాట చివరి బ్, డ్, గ్‌లు జర్మన్‌లో ప్, ట్, క్‌లుగా వినిపిస్తాయి. అందుకే ప్రథమ పురుషకి మామూలుగా చేర్చే ట్ దీనికి వేరుగా కనిపించదు. ఈర్ వేర్డెట్‌లో డ్‌కీ ట్‌కీ మధ్య ఒక ఎ-కారం పెట్టారు, నోరు తిరగడానికి. ఇక ఆజ్ఞార్థకం ఒకటుంది. హెల్ఫెన్‌కి హిల్ఫ్! గేబెన్‌కి గిప్! నేమెన్‌కి నిమ్! ఈ లెక్కన వేర్డెన్‌కి విర్ట్! అవ్వాలి కదా అని చురుకైన పిల్లలు అడుగుతారు. అవ్వదు. వేర్డె! అనే అంటారు, మాటల్లో అయితే వేర్ట్! అని కుదిస్తారు. జబ్బుపడిన స్నేహితురాలికి "వేర్ట్ గెజుంట్!" అంటే త్వరగా కోలుకో అని. ఈ ఒక్కదాన్ని గుర్తుపెట్టుకోమనే నేనూ చెప్తాను.

వర్తమాన కాలం ఇంతే. భూతకాలంలో కథ ఇంకా బాగుంటుంది.

జర్మన్‌లో మామూలు క్రియలు భూతకాలానికి చివర 'టె' చేర్చుకుంటాయి. కొన్ని క్రియలు అలా చేర్చుకోకుండా లోపలి అచ్చునే మార్చుకుంటాయి. ష్టెర్బెన్ (చనిపోవడం) ష్టర్ప్ అవుతుంది, గెష్టోర్బెన్ అవుతుంది. బయటి సాయం లేకుండా తమలోంచే భూతకాలాన్ని తయారుచేసుకుంటాయి కాబట్టి యాకోబ్ గ్రిమ్ వీటిని 'బలమైన క్రియలు' అన్నాడు. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఇతనే. ఇతని జర్మన్ వ్యాకరణం మొదటి సంపుటం 1819లో వచ్చింది. క్లాసుల్లో 'క్రమరహితం' అన్న మాట బదులు గ్రిమ్ పెట్టిన పేరే వాడితే బాగుంటుందని నాకనిపిస్తుంది. క్రమం లేదని ముందే చెప్పేస్తే పిల్లలు క్రమాన్ని వెతకడం మానేస్తారు.

వేర్డెన్ బలమైన క్రియే. కాబట్టి ష్టర్ప్ లాగా దీని భూతకాలం వర్ట్ అని ఉండాలి. నిజంగానే ఉండేది. మార్టిన్ లూథర్ 1534లో అచ్చు వేయించిన బైబిల్‌లో సృష్టి మొదట్లో వచ్చే మాటలు జర్మన్ వాళ్ళందరికీ తెలుసు: "ఎస్ వేర్డె లిష్ట్", వెలుగు కలుగుగాక. "ఉంట్ ఎస్ వర్ట్ లిష్ట్", వెలుగు కలిగింది. ఆ కాలంలో ఏకవచనానికి వర్ట్, బహువచనానికి వుర్డెన్. మిగతా బలమైన క్రియల్లో చాలావాటికీ ఇలాగే రెండు అచ్చులుండేవి. తర్వాత ఒక్కొక్క క్రియా ఏదో ఒకదాన్ని వదిలేసింది. ష్టెర్బెన్, హెల్ఫెన్ లాంటివి ఏకవచనం అచ్చును నిలుపుకుని బహువచనం అచ్చును వదిలేశాయి. వేర్డెన్ దీనికి ఎదురు దారి పట్టింది. బహువచనంలోని 'ఉ'ని ఏకవచనానికి తెచ్చుకుని, చివర మామూలు క్రియల్లాగా ఒక ఎ-కారం తగిలించుకుంది. అలా తయారైంది ఇష్ వుర్డె. ఇప్పటి జర్మన్‌లో బలమైన క్రియల భూతకాలం ఏకవచనం చివర ఇలాంటి ఎ-కారం కనిపించేది దీనికొక్కదానికే. వర్ట్ పాత పుస్తకాల్లో, ప్రార్థనల్లో, పద్యాల్లో మిగిలింది. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరూ అనరు, మీరూ అనకండి. చదివేటప్పుడు ఎదురైతే గుర్తుపడితే చాలు.

ఇక్కడ ఒక డేనిష్ పండితుడిని తలుచుకోకుండా ముందుకు పోలేను. పేరు కార్ల్ వెర్నర్. పాత జర్మన్‌లో వేర్డెన్ రూపాల్లో ఒకచోట డ్, మరోచోట ట్ ఉండేవి. ఏకవచనంలో వర్డ్ అయితే బహువచనంలో వుర్టున్. ఇలాంటి జోడీలు జర్మన్, దాని చుట్టపు భాషల నిండా ఉన్నాయి. ఇప్పటికీ మిగిలిన ఉదాహరణ ష్నైడెన్ (కోయడం), ష్నిట్. ఎందుకలా మారుతుందో హల్లుల మార్పు గురించి గ్రిమ్ చెప్పిన సూత్రాలకి అందలేదు, అపవాదాలుగానే ఉండిపోయాయి. 1870ల్లో వెర్నర్ వాటికి కారణం చూపించాడు. ఎక్కడ చూశాడనుకున్నారు? సంస్కృతంలో. వేదంలో ఉదాత్త అనుదాత్త స్వరాలు చెక్కుచెదరకుండా నిలిచాయి కదా, వాటితో పోల్చి చూశాడు. ధాతువు మీద స్వరం పడిన చోట ఒక హల్లు, ప్రత్యయం మీద పడిన చోట మరో హల్లు వచ్చిందని తేల్చాడు. అపవాదం అనుకున్నవి ఒక్క దెబ్బకి సూత్రంలో ఒదిగిపోయాయి. మన వేదపాఠకులు తరతరాలుగా నోటితో కాపాడిన స్వరం జర్మన్ క్రియల చిక్కుముడి విప్పిందంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

బంధుత్వం అంతటితో ఆగలేదు. వేర్డెన్ అన్న ధాతువు, సంస్కృతంలో 'వర్తతే' అన్న రూపం ఒకే మూలం నుంచి వచ్చాయి. మొదటి అర్థం తిరగడం. వర్తులం, ఆవర్తనం, పరివర్తన, చివరికి మనం వ్యాకరణంలో చెప్పుకునే వర్తమానం, అన్నీ ఆ ఇంటివే. ఒక స్థితి నుంచి మరో స్థితికి తిరగడం అన్న ఆ అర్థం పట్టుకుంటే వేర్డెన్ చేసే పనులన్నీ అందులోంచే వస్తాయి. కుర్రవాడు డాక్టర్ వైపు తిరుగుతున్నాడు, డాక్టర్ అవుతాడు. పగలు చీకటి వైపు తిరుగుతోంది, చీకటవుతోంది. ఇల్లు కట్టడం అయిపోయే వైపు తిరుగుతోంది, ఇల్లు తయారవుతోంది.

మరి ఇంగ్లీషుకి ఇది ఎందుకు అందదు? పాత ఇంగ్లీషులో ఈ క్రియ ఉండేది, వెయోర్థన్ అని. ఇప్పటి జర్మన్‌లాగే దాంతో కర్మణి ప్రయోగం కూడా చేసేవాళ్ళు. మధ్యయుగంలో ఇంగ్లీషు దాన్ని వదిలేసుకుంది. దాని పనుల్ని బికమ్, విల్, బీ, వుడ్ పంచుకున్నాయి. కాబట్టి ఇంగ్లీషు లోంచి చూసేవాళ్ళకి వేర్డెన్ ముక్కలుగా కనబడక తప్పదు. పైగా ఆ ముక్కల్లో రెండు ఉచ్చులున్నాయి. జర్మన్‌లో "ఇష్ విల్" అంటే నాకు కావాలి అని, చేస్తాను అని కాదు. జర్మన్‌లో "బెకొమెన్" అంటే పొందడం, అవ్వడం కాదు. ఇంగ్లీషు అలవాటు నోటిలో ఉన్న పిల్లవాడు "నేను డాక్టర్ అవుతాను" అనబోయి "ఇష్ విల్ ఐనెన్ ఆర్ట్స్ట్ బెకొమెన్" అంటే, నాకు ఒక డాక్టర్ దొరకాలి అని అడిగినట్టవుతుంది. అదే తెలుగులోంచి వచ్చినవాడు అవు, వేర్డెన్ అనుకుంటే "ఇష్ వేర్డె ఆర్ట్స్ట్" అని మూడు మాటల్లో తేల్చేస్తాడు. తెలుగులో 'ఒక డాక్టర్ అవుతాను' అనం, 'డాక్టర్ అవుతాను' అంటాం. జర్మన్‌లోనూ అక్కడ 'ఒక' పెట్టరు.

మన 'అవు' కూడా సామాన్యమైన క్రియేమీ కాదు. అవుతాను, అయ్యాను, కాను, కాలేదు. జర్మన్ నేర్చుకునే తెలుగువాడు విర్ట్, వుర్డె, గెవోర్డెన్ చూసి బెదిరిపోతాడు గానీ, తెలుగు నేర్చుకునే జర్మన్‌కి 'అయింది' ఎదురుగా 'కాలేదు' ఎలా వచ్చిందో చెప్పి చూడండి. వచ్చాను, వస్తాను, రాను, రా. ఏ భాషలోనైనా పొద్దున లేచింది మొదలు నోట్లో నానే క్రియలే ఇలా ఉంటాయి. రోజూ వినిపించే రూపం పిల్లల నోటికి ఉన్నదున్నట్టు ఎక్కేస్తుంది, దాన్ని సూత్రంలోకి సర్దే అవసరం ఎవరికీ రాదు. తక్కువగా వాడే క్రియలే కాలక్రమంలో మామూలు క్రియలైపోతాయి. జర్మన్‌లో రొట్టె కాల్చడానికి బకెన్ అంటారు, దాని పాత భూతకాలం బూక్. ఇప్పుడు దాదాపు అందరూ బక్టె అంటున్నారు. వేర్డెన్‌కి అలా జరగలేదు, దాన్ని వాడకుండా పూట గడవదు కాబట్టి.

భవిష్యత్ కాలం దగ్గర తెలుగువాళ్ళకి ఉన్న మేలు ఇంకెవరికీ లేదనిపిస్తుంది నాకు. మనం రోజూ చేసే పనికీ రేపు చేయబోయే పనికీ ఒకే రూపం వాడతాం. "రోజూ వస్తాను", "రేపు వస్తాను". జర్మన్‌లోనూ మామూలు మాటల్లో అంతే. "ఇష్ కొమె మోర్గెన్" అంటే రేపు వస్తాను అని. 'రేపు' అన్న మాట ఉన్నాక వేర్డెన్ అక్కర్లేదు. ఇంగ్లీషు బళ్ళో 'విల్' పెట్టకపోతే మార్కులు పోయిన అనుభవంతో మన పిల్లలు ప్రతి వాక్యంలోనూ "ఇష్ వేర్డె మోర్గెన్ కొమెన్" అంటారు. తప్పు కాదు, కానీ మామూలు సంగతిని మాట ఇచ్చినట్టు బరువుగా చెప్పినట్టుంటుంది.

మరి వేర్డెన్ ఎక్కడ బాగా పనికొస్తుందంటే ఊహలో. ఫోన్ ఎత్తని స్నేహితుడి గురించి "ఎర్ విర్ట్ త్సు హౌజె జైన్" అంటారు. "ఇంట్లో ఉంటాడులే" అని. ఇది రేపటి మాట కాదు, ఇప్పటిదే. తెలుగులో కూడా 'ఉంటాడు' అంటే రేపు ఉంటాడనే అర్థం రావాలని లేదు, ఇప్పుడు ఉండే ఉంటాడన్న అంచనా కూడా. అదే రూపానికి అదే రెండో పని. ఈ వాక్యాన్ని ఇంగ్లీషు ద్వారా వివరించడానికి నాకు చాలాసేపు పట్టేది. తెలుగులో చెప్తే "ఓహ్, ఉంటాడులే అనడమా అక్కా!" అని వెంటనే అందుకుంటారు.

ఇంకో దగ్గరి పోలిక ఆసుపత్రిలో పనికొస్తుంది. మంచం మీది పేషెంటు "మీర్ విర్ట్ ష్లెష్ట్" అంటాడు. మీర్ అంటే నాకు. విర్ట్ అంటే అవుతోంది. "నాకు ఎలాగో అవుతోంది", వాంతి వచ్చేలా ఉందని. ఇంగ్లీషులో 'ఐ' అని మొదలవ్వాల్సిన వాక్యం జర్మన్‌లో, తెలుగులో 'నాకు' అని మొదలవుతుంది. కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయని చెప్పడానికీ వాళ్ళు ఇదే క్రియ వాడి "మీర్ విర్ట్ ష్వర్ట్స్ ఫోర్ ఔగెన్" అంటారు, కళ్ళ ముందు నల్లగా అవుతోందని. ఈ మాట వినగానే నర్సు ఆ మనిషిని పట్టుకోవాలి, ఇందులో కర్త ఎక్కడుంది అని ఆలోచిస్తూ నిలబడకూడదు.

అసలు చిక్కంతా కర్మణి ప్రయోగంలో ఉంది. ఇక్కడ మాత్రం తప్పు ఇంగ్లీషు ఒక్కదానిదే అనను. మన బడి తెలుగుకీ అందులో వాటా ఉంది. "డస్ హౌస్ విర్ట్ గెబౌట్" అన్న వాక్యాన్ని "ఇల్లు కట్టబడుతున్నది" అని రాయిస్తారు. అలా ఏ ఇంట్లో మాట్లాడతారు? మనం "ఇల్లు కడుతున్నారు" అంటాం. ఎవరు కడుతున్నారో చెప్పం, చెప్పనక్కర్లేదు. జర్మన్ వాడు వేర్డెన్‌తో చేసేది సరిగ్గా ఇదే, చేసిన మనిషిని పక్కకి తప్పించి పనిని ముందుకు తేవడం. "హియర్ విర్ట్ నిష్ట్ గెరౌఖ్ట్" అంటే "ఇక్కడ పొగ తాగరు". వాక్యంలో కర్త లేడు, తెలుగులోనూ లేడు. 'బడు' అన్న మాట పుస్తకంలోనే వదిలేసి, 'అంటున్నారు, చేశారు, తాగరు' అన్న మన మామూలు వాడుకతో ఈ వాక్యాల్ని చదవండి. కర్మణి ప్రయోగం అన్న పేరు వింటేనే వచ్చే దడ తగ్గుతుంది.

ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగేముందు రాసే రికార్డు చూడండి. "పట్సియెంట్ వుర్డె గెవషెన్." పేషెంటుకి ఒళ్ళు తుడిచారు. "బ్లూట్‌డ్రుక్ వుర్డె గెమెస్సెన్." బీపీ చూశారు. "ఫెర్బంట్ వుర్డె గెవెక్సెల్ట్." కట్టు మార్చారు. వరసగా వుర్డె, వుర్డె, వుర్డె. రాసింది తనే, చేసింది తనే, అయినా 'నేను' అని రాయదు. ఇప్పుడు మూడో వాక్యంలో వుర్డె బదులు విర్ట్ అని రాస్తే? కట్టు మారుస్తున్నారు, లేదా మారుస్తారు అని అర్థం. అంటే ఇంకా మార్చలేదు. తర్వాత డ్యూటీకి వచ్చిన ఆవిడ మళ్ళీ గాయం విప్పుతుంది. ఒక మాట తేడాతో మనిషికి అనవసరపు నొప్పి. నేను పిల్లల్ని వేర్డెన్ దగ్గర అంతగా ఆపడానికి ఇదే కారణం.

ప్రయాణాల్లోనూ ఇంతే. బెర్లిన్ నుంచి పడమరకి వచ్చే ఐసీఈ రైళ్ళు కొన్ని హమ్ అనే స్టేషన్లో రెండుగా విడిపోతాయి. ఒక భాగం ఎస్సెన్, డ్యుస్సెల్‌డోర్ఫ్ వైపు పోతుంది, ఇంకోటి హాగెన్, వూపర్‌టాల్ మీదుగా కొలోన్‌కి. "డేర్ త్సూక్ విర్ట్ ఇన్ హమ్ గెటైల్ట్" అన్నారంటే రైలు హమ్‌లో రెండవుతుంది, మీరు సరైన పెట్టెలో ఉన్నారో లేదో చూసుకోండి అని. ఆ విర్ట్ వినగానే 'విల్' అనుకుని చివరి మాట దాకా చెవి పెట్టకపోతే దిగాల్సిన ఊరు మారిపోతుంది. ఎందుకంటే జర్మన్ వాక్యంలో విర్ట్ రెండో స్థానంలో వస్తుంది, అసలు పని వాక్యం చివర వస్తుంది. చివర గెటైల్ట్ లాంటి భూతకృదంతం వస్తే కర్మణి, కొమెన్ లాంటి మూలరూపం వస్తే భవిష్యత్తు లేదా ఊహ, డాక్టరో చలో చీకటో వస్తే మామూలు 'అవు'. అర్థం తేలేది వాక్యం చివర. క్రియ చివర వచ్చే భాషలో పుట్టిన మనకి చివరిదాకా ఆగి వినడం కొత్త విద్య కాదు.

సర్కారు ఉత్తరాల్లోనూ వేర్డెన్‌దే రాజ్యం. "ఈర్ అన్‌ట్రాక్ విర్ట్ బెఆర్బైటెట్" అని వస్తే మీ దరఖాస్తు చూస్తున్నారు, ఇంకా తేలలేదు అని. ఇక్కడ విర్ట్‌కీ ఇస్ట్‌కీ (జైన్ క్రియ రూపం, 'ఉంది') తేడా బాగా తెలియాలి. తలుపు "విర్ట్ గెష్లొసెన్" అంటే మూస్తున్నారు. "ఇస్ట్ గెష్లొసెన్" అంటే మూసి ఉంది. మొదటిది జరుగుతున్న పని, రెండోది మిగిలిన స్థితి. జర్మన్ రాజ్యాంగంలో ఈ రెంటికీ చక్కటి సాక్ష్యాలున్నాయి. 1949 నాటి ఆ రాజ్యాంగంలో 102వ అధికరణం ఒకే వాక్యం: "డీ టోడెస్‌ష్ట్రాఫె ఇస్ట్ అప్‌గెషఫ్ట్." మరణశిక్ష రద్దయి ఉంది. విర్ట్ అని రాసి ఉంటే రద్దు చేస్తున్నామని వినిపించేది, అది ఇంకా నడుస్తున్న పనిలా ఉండేది. ఇస్ట్ అనడంతో అది అయిపోయిన సంగతి, ఇక చర్చ లేదు. అదే 3వ అధికరణానికి రండి. పుట్టుక వల్ల గానీ, భాష వల్ల గానీ, మతం వల్ల గానీ ఎవరికీ నష్టం చేయకూడదు, ఎవరికీ మేలు చేయకూడదు అని చెప్పే వాక్యం చివర "వేర్డెన్" ఉంటుంది. ఎందుకంటే వివక్ష ప్రతిరోజూ జరగగల పని, దాన్ని జరగనివ్వకూడదని చెప్తోంది. ఈ రెండు వాక్యాలూ నా క్లాసులో అందరికీ ఇస్తాను. ఇక్కడ బతకబోయేవాళ్ళకి ఆ రెండో వాక్యం వ్యాకరణంగానే కాక హక్కుగా కూడా తెలిసి ఉండాలి.

ఇంగ్లీషు, జర్మన్ దగ్గరి చుట్టాలు కదా, ఆ సాయం వదులుకోమంటారేం అని కొందరు వాదిస్తారు. మాటల విషయంలో ఆ వాదన నిజం. హౌస్, హంట్, ఫింగర్, గార్టెన్ లాంటివి ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి తేలిగ్గా పట్టుబడతాయి, ఆ సాయం తీసుకోవాల్సిందే. పుస్తకాలన్నీ ఇంగ్లీషు వివరణలతోనే దొరుకుతాయి, అదీ నిజమే. నేను చెప్పేది క్రియ గురించి. ఇంగ్లీషు పారేసుకున్న క్రియను ఇంగ్లీషులోంచి ఎలా నేర్పుతాం? ఇంట్లో తెలుగు, చదువు ఇంగ్లీషు అయిన పిల్లలు తమకి తెలుగు పెద్దగా రాదనుకుంటారు. 'ఉంటాడులే', 'నాకు ఎలాగో అవుతోంది', 'ఇల్లు కడుతున్నారు' వాళ్ళకి వచ్చు. కావాల్సింది ఆపాటి తెలుగే.

ఇక మిగిలింది వ్యుర్డె. తెలుగు లిపిలో ఇంతకన్నా దగ్గరగా రాయలేను. నాలుకతో 'ఇ' పలుకుతూ పెదాలతో 'ఉ' చుట్టాలి. వుర్డెకి 'అయింది' అని అర్థమైతే వ్యుర్డెకి 'అయితే', 'చేద్దును' అన్న ఊహా అర్థం. "వ్యుర్డెన్ జీ మీర్ బిటె హెల్ఫెన్?" అంటే "కాస్త సాయం చేస్తారా?" అని. కొత్త ఊళ్ళో కాలు పెట్టినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం ఎన్ని తలుపులు తెరుస్తుందో నేను చూశాను. ఆ 'ఉ' ఇలా మారడానికి కారణం కూడా పాతదే. పాత జర్మన్‌లో ఈ ఊహారూపం వుర్టి, చివర ఇ-కారం. విర్ట్‌లో 'ఎ'ని లాక్కున్న ఆ 'ఇ'యే ఇక్కడ 'ఉ'ని తనవైపు లాక్కుంది.

చివరగా భూతకృదంతం. క్రియ సొంతంగా 'అవు' అన్న అర్థంలో వస్తే గెవోర్డెన్: "ఎర్ ఇస్ట్ ఆర్ట్స్ట్ గెవోర్డెన్", డాక్టర్ అయ్యాడు. కర్మణిలో సహాయక క్రియగా వస్తే 'గె' పోయి వోర్డెన్ మిగులుతుంది: "డస్ హౌస్ ఇస్ట్ గెబౌట్ వోర్డెన్", ఇల్లు కట్టేశారు. పక్కన గెబౌట్‌లో ఒక 'గె' ఎలాగూ ఉంది, రెండోది వద్దనుకోండి, తికమక ఉండదు. రెండూ హాబెన్‌తో కాకుండా జైన్‌తోనే వస్తాయి. దక్షిణాదిన, బవేరియా వైపు, మాటల్లో ఈ 'ఇస్ట్' రూపాలు ఎక్కువగా వినిపిస్తాయి. ఉత్తరాన వుర్డె ఎక్కువ. రికార్డుల్లో, వార్తల్లో ఎక్కడైనా వుర్డెయే. నర్సుగా వచ్చేవాళ్ళు ముందు వుర్డెని నోటికి పట్టించండి. చేతికొచ్చిన ఉత్తరమో నోటీసో తీసుకుని, అందులో విర్ట్, వుర్డె కనిపించిన ప్రతిచోటా గీత గీసి, వాక్యం చివరికి వెళ్ళి అక్కడున్న మాటతో కలిపి గట్టిగా చదవండి. తర్వాత అదే సంగతిని మీ అమ్మకి ఫోన్లో చెప్తున్నట్టు తెలుగులో చెప్పండి.